ఐదు చుక్కల వెనుక ఎన్ని శాస్త్రాలు!

పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన నీళ్ళ విరేచనాలకు ముఖ్య కారణం రోటా వైరస్. టీకా రాకముందు మన దేశంలో దీనివల్ల ఏటా సుమారు 78 వేల మంది పిల్లలు చనిపోయేవారని అంచనా. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దీన్ని గుర్తించింది. చూడటానికి బండిచక్రంలా ఉంది కాబట్టి ఆ పేరు. లాటిన్‌లో 'రోటా' అంటే చక్రం. (తెలుగు చెప్పేవాళ్ళం కదా, పేరు పుట్టుక చెప్పకుండా ముందుకు పోలేము.) పిల్లల వైద్యుల ప్రశ్నకు మొదటి జవాబు భౌతికశాస్త్రం ఇచ్చిన పరికరంలో దొరికిందన్నమాట.

తరువాతి కథ మన ఢిల్లీలోనే జరిగింది. 1980ల మధ్యలో ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన శిశువుల మలాన్ని పరీక్షిస్తే రోటా వైరస్ కనిపించింది. విచిత్రమేమంటే ఆ పిల్లలకు విరేచనాలు లేవు. జబ్బు లేని పిల్లల గురించి ఆసుపత్రిలో ఎవరు ఆలోచిస్తారు? డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ ఆలోచించారు. ఆ పిల్లలను ఆ తరువాత కూడా గమనిస్తూ వచ్చారు. పుట్టగానే ఈ వైరస్ సోకినవారికి తరువాత రోటా విరేచనాలు తక్కువగా వచ్చాయి. ఈ మొత్తం కథలో మాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

ఆ వైరస్ రకానికి 116ఇ అని పేరు పెట్టారు. రోటా వైరస్ జన్యుపదార్థం 11 ముక్కలుగా ఉంటుంది. 116ఇలో పది ముక్కలు మనుషుల రోటావి, ఒకటి పశువుల రోటాది అని జన్యుశాస్త్రం తేల్చింది. ప్రకృతే చేసిన సంకరం!

వార్డులో దొరికిన వైరస్ అలాగే టీకా అయిపోదు. దాన్ని ప్రయోగశాలలో కణాల మీద పెంచాలి, ప్రతి సీసాలో ఒకే మోతాదు ఉండేలా చూడాలి, చల్లదనం తప్పకుండా ఊళ్ళకు చేర్చాలి. ఈ పని హైదరాబాదులో భారత్ బయోటెక్ చేపట్టింది. అమెరికా శాస్త్రవేత్తలూ, మన బయోటెక్నాలజీ విభాగమూ తోడు నిలిచారు.

ఇక మిగిలింది లెక్కలు. ఢిల్లీ, పూణే, వెల్లూరులలో 6,799 మంది శిశువులతో పరీక్ష జరిగింది. కొందరికి టీకా, కొందరికి టీకా లేని చుక్కలు. ఎవరికి ఏది పడిందో తల్లిదండ్రులకు గాని, చూసే వైద్యులకు గాని తెలియదు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలు టీకా వల్ల సుమారు 56 శాతం తగ్గాయి. "అంతేనా?" అని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. నూరు మంది పిల్లలు సెలైన్ ఎక్కించుకోవాల్సిన చోట 56 మందికి ఆ అవసరం రాకపోతే, ఆ ఇళ్ళవాళ్ళను అడగండి, అది తక్కువో ఎక్కువో.

2016లో ప్రభుత్వ టీకాల పట్టికలో రోటా టీకాను మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. అంటే మన పక్కనున్న ఫరీదాబాద్ పాపకూ, గుంటూరు పాపకూ ఒకే విడతలో అందింది. బదిలీల మీద రాష్ట్రాలు తిరిగే మాలాంటి వాళ్ళకు ఇదొక ఊరట: ఊరు మారినా పట్టిక మారదు. 6, 10, 14 వారాలకు, నోట్లో ఐదేసి చుక్కలు.

ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ టీకాల కార్డు తీసి 'ఆర్‌వీవీ' అనే గడి వెతకండి. అందులో ఎన్ని తేదీలు వేసి ఉన్నాయో రేపు తరగతిలో చెప్పండి.