లోపం నీలో లేదమ్మా

నరసరావుపేట

అమ్మలూ,

ఉత్తరం అందింది. వాడు నీ ఫోను చూస్తున్నాడన్నావు గనక నేనూ కాగితం మీదే రాస్తున్నా. "చిన్నప్పుడు ఆయన, ఇప్పుడు వీడు. మళ్ళీ నాకే ఎందుకు పెద్దమ్మా, నాలోనే లోపముందా?" అనడిగావు. లేదు. రెండుసార్లూ తప్పు చేసింది వాళ్ళే.

2014లో గురజాల పెళ్ళిపంక్తిలో చిన్నప్పటి ఆ మనిషి నెయ్యి వడ్డించడానికొస్తే, చేతిలో ముద్ద పట్టుకునే బిగుసుకుపోయానని రాశావు. విస్తట్లో నెయ్యి పేరుకుపోయినా కదల్లేదట. చుట్టాలేమో "ఎంత అణకువో" అని మెచ్చుకున్నారట. అది భయం తల్లీ. పారిపోయే దారిలేని పసిదానికి ఒళ్ళు చూపించిన ఒకే ఒక్క అడ్డు. పెద్దయ్యాక కూడా ఎవరైనా గొంతు పెంచితే ఒళ్ళు అలాగే మొద్దుబారుతుంది, వద్దనే మాట పెగలదు. మనవాడనుకున్నవాడే హింస పెట్టాడు కాబట్టి, కొట్టి ఏడ్చేవాడిది కూడా ప్రేమే అనిపిస్తుంది. వీటన్నిటికంటే చేటు సిగ్గు. తప్పు తనదే అనుకున్న పిల్ల బయటికి చెప్పదు. చెప్పదని కనిపెట్టే ఇలాంటివాళ్ళు దగ్గర చేరతారు. నోరు మెదపని ఆడపిల్లనే మంచిపిల్ల అనే మన పల్నాడు పెద్దరికం మీద నాకు కోపం అందుకే.

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డయానా రస్సెల్ 930 మంది స్త్రీలను అడిగి తెలుసుకున్నదీ ఇదే: చిన్నతనంలో అయినవాళ్ళ చేతుల్లో నలిగినవాళ్ళు తర్వాత పరాయివాళ్ళ చేతుల్లోనూ మిగతావారికంటే ఎక్కువగా హింసపడ్డారు. మన కేంద్రప్రభుత్వం 2007లో వెలువరించిన 13 రాష్ట్రాల అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక లైంగిక వేధింపు చెప్పారు. అది ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా అందరికీ మళ్ళీ జరగాలని రాసిపెట్టి లేదు. నమ్మి వినే మనిషి దొరికితే చాలామంది తేరుకుంటారు.

విడిపోదామని చెప్పడానికి మాత్రం వాడి దగ్గరికి ఒంటరిగా వెళ్ళకు. హాస్టల్ వార్డెన్‌కు ముందే చెప్పు. బెదిరిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. నిద్రపట్టని రాత్రి స్నేహితురాలి ఫోన్ నుంచి 14416కి, అంటే మానసిక సాయం చేసే టెలీమానస్‌కు చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఆ పాత సంగతికి పోక్సో చట్టం ఉంది, ఇన్నేళ్ళ తర్వాతైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం, నిన్ను ఎవరూ తొందరపెట్టకుండా నేను చూసుకుంటా. అమ్మకు చెప్పాలనిపిస్తే పక్కన కూర్చుంటా.

పేటలో డాక్టరుకు చూపిస్తే ఊరంతా తెలుస్తుందని నీ భయం. సరే, ఆదివారం సాయంత్రం గుంటూరు వస్తున్నా. సోమవారం పొద్దున్నే అక్కడి ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్యుల ఓపీకి ఇద్దరం వెళ్దాం.

మీ పెద్దమ్మ