మావి

కాళేశ్వరము వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. సంగమము దాటిన పిమ్మట ఏది గోదావరి నీరో, ఏది ప్రాణహిత నీరో ఎవరును వేరుపరుపజాలరు. ఒడ్డుననున్న ఆలయములో మాత్రము ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాళేశ్వరునిది, రెండవది ముక్తేశ్వరునిది. పీఠ మొక్కటే యైనను లింగములు వేరువేరు.

తల్లి రక్తమే గర్భస్థశిశువు నాళములలో పాఱునని పలువురు తలంతురు. అది పొరపాటు. ఆ రెండు రక్తములును సంగమపు నీటిని గాక, ఆ జంట లింగములను పోలియుండును. అవి మిక్కిలి చేరువగా నుండునే గాని కలియవు. వానికి పీఠమువంటిది మావి. శాస్త్రగ్రంథములలో దీనిని జరాయువు అందురు.

మావి గర్భాశయపు గోడను అంటియుండును. నెలలు నిండునాటికి చిన్న పళ్లెమంత వెడల్పును, సుమారు అర కిలో బరువును పొందును. దానినుండి శిశువు బొడ్డువఱకు దాదాపు 50 సెంటీమీటర్ల బొడ్డుతాడు కలదు. అందు రెండు ధమనులు, ఒక సిర యుండును. ధమనులు మంచి రక్తమును, సిరలు చెడు రక్తమును కొనిపోవునని మీరు చదివియుందురు. ఇక్కడ అది తాఱుమాఱు: మంచి రక్తమును శిశువునకు తెచ్చునది సిరయే.

మావిలో శిశువు రక్తనాళములు శాఖోపశాఖలుగా చీలి, సన్నని అంకురములలో వ్యాపించును. ఆ అంకురములు తల్లి రక్తమున మునిగియుండును. ఏటి నీటిలో దిగిన మఱ్ఱి యూడలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అంకురముల పైపొరను విప్పి పఱచినచో పది చదరపు మీటర్లకు మించును. ఆ పలుచని పొర ద్వారా ప్రాణవాయువు, గ్లూకోజు, ఇనుము, ఫోలిక్ ఆమ్లము శిశువునకు చేరును. బొగ్గుపులుసు గాలి, ఇతర మాలిన్యములు తల్లి రక్తములోనికి మఱలును. ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. నేడు మన గర్భిణులకు ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలలో నున్నది అదియే.

మావి పోషించుటయే గాక కాపాడును. అనేక సూక్ష్మజీవులను అది అడ్డగించును. తల్లి రక్తములోని రోగనిరోధక పదార్థములను, ముఖ్యముగా కడపటి నెలలలో, శిశువున కందించును. పూర్వము శుభ్రము లేని కొడవలితో బొడ్డు కోయుటచే ఎందఱో పసికందులు ధనుర్వాతమునకు బలియైరి. గర్భిణికి టీకా వేసినచో, ఆ రక్షణ మావి ద్వారా బిడ్డకు పుట్టుకకు ముందే లభించును. శుభ్రమైన ప్రసవములును, ఈ టీకాయును వ్యాపించుటచే, మన దేశమున ఆ పీడ అదుపులోనికి వచ్చినదని 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచినది.

అయినను ఈ కావలి లోపము లేనిది కాదు. మద్యము, పొగాకు విషము, రుబెల్లా క్రిమి దీనిని దాటిపోగలవు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను మందు అమ్మకమునకు వచ్చెను. వేవిళ్లు తగ్గుటకై పలుదేశముల గర్భిణులు దానిని వాడిరి. పదివేలకు పైగా శిశువులు కాలుసేతుల లోపముతో, మఱికొన్ని అవయవలోపములతో జన్మించిరి. 1961లో గాని ఆ మందును అక్కడ ఉపసంహరింపలేదు.

బిడ్డ పుట్టిన తరువాత సాధారణముగా అరగంటలోపల మావి వెలువడును. పల్లెలలో పెద్దలు దానిని గోతిలో పూడ్చుట కలదు. దానికి ముందే వైద్యుడో, నర్సో దానిని త్రిప్పి త్రిప్పి చూచి, అంతయు వచ్చినదో లేదో పరీక్షింతురు. చిన్న తునుక లోపల నిలిచినను రక్తస్రావమై తల్లి ప్రాణమునకు అపాయము కలుగవచ్చును.