రాకెట్ల మీద ప్రజాధనం ఎందుకు?

2023 ఆగస్టు 23వ తేదీ సాయంత్రం చంద్రయాన్-3 దిగుతున్న సమయంలో మన హాస్టల్ టీవీ గదిలో నిలబడటానికి కూడా చోటు లేదు. పూర్వ విద్యార్థిగా ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. 6 గంటల 4 నిమిషాలకు ల్యాండర్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. చప్పట్లు ఆగాక తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "అన్నా, దీనికి ఎంత ఖర్చయింది?" అని అడిగాడు. సుమారు 615 కోట్లు అన్నాను. "ఆ డబ్బుతో మన మెస్ ఛార్జీలు పెంచొచ్చు కదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇదే గదిలో, ఇదే వయసులో నాకూ ఆ ప్రశ్న వచ్చింది. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. తమ్ముడికి ఆ రోజు సరిగా చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు కేటాయించినది సుమారు 13,000 కోట్ల రూపాయలు. బడ్జెట్ మొత్తం 48 లక్షల కోట్ల పైచిలుకు. అంటే ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి 100 రూపాయల్లో 27 పైసలు. దేశ జనాభా 140 కోట్లు అనుకుంటే తలకు ఏడాదికి 93 రూపాయలు, నెలకు ఎనిమిది రూపాయల లోపు. చంద్రయాన్-3 ఒక్కదానికే అయితే తలకు నాలుగున్నర రూపాయలు కూడా కాదు.

వక్తృత్వ పోటీల్లో ఈ లెక్క చెప్పి కూర్చుంటారు. నా దృష్టిలో ఇది సగం జవాబే. అదే 615 కోట్లను పది లక్షల మంది హాస్టల్ పిల్లలకు పంచితే తలకు 6,150 రూపాయలు వస్తాయి. మనకు అది చిన్న మొత్తమా? హారం మారిస్తే ఎవరికి కావలసిన జవాబు వాళ్ళకు వస్తుంది. కాబట్టి ఖర్చు తక్కువా ఎక్కువా అన్నది పక్కన పెట్టి, ఆ డబ్బు ఎవరికి ఏం తెచ్చింది, ప్రభుత్వం కాక వేరెవరైనా ఆ పని చేసేవారా అని అడగాలి.

దివిసీమ ఉప్పెన

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పది వేల మంది చనిపోయారు. సముద్రం పక్కన తాటాకు గుడిసెల్లో ఉన్న కూలీలు, చేపలు పట్టేవాళ్ళు ఎక్కువ. డాబా ఉన్నవాడు డాబా ఎక్కాడు, లేనివాడు కొట్టుకుపోయాడు. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. తుఫాను ఎంత బలంగా ఉంది, సరిగ్గా ఎక్కడ తీరం దాటుతుంది అన్నది పైనుంచి గంట గంటకూ చూసి చెప్పే సాధనం మన చేతిలో లేదు.

1983 ఆగస్టు 30న ఇన్శాట్-1బి ఉపగ్రహం అమెరికా వారి చాలెంజర్ షటిల్‌లో అంతరిక్షానికి వెళ్ళింది. (అంతకు ముందు ఏడాది పంపిన ఇన్శాట్-1ఎ కొద్ది నెలల్లోనే పాడైపోయింది.) ఇలాంటి ఉపగ్రహం భూమధ్య రేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తే ఎందుకు? భూమికి దూరం పెరిగేకొద్దీ ఉపగ్రహం ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం పెరుగుతుంది. 36,000 కిలోమీటర్ల దగ్గర ఆ కాలం భూమి తన చుట్టూ తాను తిరిగే కాలంతో సరిపోతుంది. ఉపగ్రహం సెకనుకు మూడు కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నా, కింద ఉన్న మనకు ఒకేచోట నిలబడినట్లు కనిపిస్తుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. అక్కడ ఉన్న కెమెరా బంగాళాఖాతం మీద నుంచి చూపు తిప్పదు. మేఘాల పైభాగం నుంచి వచ్చే పరారుణ కిరణాలను బట్టి అర్ధరాత్రి కూడా తుఫానును చూడగలదు. మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అది అంత ఎత్తుకు పెరిగిందని అర్థం. మేఘాలు చుట్ట చుట్టుకున్న తీరు చూసి గాలి వేగాన్ని అంచనా వేస్తారు.

1990 మే 9న దాదాపు అదే తీరంలో, కృష్ణా ముఖద్వారం దగ్గర, అంతే భయంకరమైన తుఫాను వచ్చింది. ఈసారి ఉపగ్రహం ముందే చూసింది. ఆ ఉపగ్రహం ద్వారానే తీర ప్రాంతాల్లో పెట్టిన రిసీవర్లకు హెచ్చరికలు అందాయి. లక్ష మందికి పైగా జనాన్ని ముందుగా ఖాళీ చేయించారు. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు వెయ్యి లోపే. వెయ్యి మంది తక్కువ అని నేను అనడం లేదు. పదమూడేళ్ళ కిందటి సంఖ్య పక్కన పెట్టి చూడమంటున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం నగరం మీదికే వచ్చింది. చెట్లు, స్తంభాలు, విమానాశ్రయం కప్పు అన్నీ పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు మాత్రం వంద దాటలేదు.

ఇదంతా ఉపగ్రహం గొప్పే అంటే తప్పు. 1999 అక్టోబరు 29న ఒడిశా మీదికి వచ్చిన పెనుతుఫానును కూడా ఉపగ్రహం చూసింది. అయినా దాదాపు పది వేల మంది పోయారు. తలదాచుకోవడానికి తగినన్ని తుఫాను షెల్టర్లు లేవు. 1996 నవంబరులో కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రంలోకి వెళ్ళిన పడవల వాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. పైనుంచి చూడటం ఒక ఎత్తు, ఆ మాట చివరి గుడిసె దాకా చేరడం ఇంకో ఎత్తు. రెండో పని రాకెట్లు చేయవు. రోడ్డు, షెల్టరు, మైకు పట్టుకుని తిరిగే గ్రామ సేవకుడు చేస్తారు. వాటికీ ప్రజాధనమే కావాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ హెచ్చరికను ఎవరైనా అమ్ముకోగలరా? గుడిసెలోని కూలీ నుంచి తుఫాను కబురుకు చందా వసూలు చేసే కంపెనీ ఉంటుందా? చందా కట్టనివాడికి చెప్పకుండా దాస్తుందా? కొనే స్తోమత లేనివాడికే ఎక్కువ అవసరమైన సరుకు ఇది. అందుకే ఇది మార్కెట్‌కు వదిలేసే పని కాదు.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేసేది కూడా ఇలాంటి పనే. సముద్రపు నీటి రంగును, వేడిని ఉపగ్రహాలు కొలుస్తాయి. సన్నని నాచు ఎక్కువగా ఉన్నచోట నీరు పచ్చగా ఉంటుంది, అక్కడికి చిన్న చేపలు, వాటి వెంట పెద్ద చేపలు చేరతాయి. ఏ దిక్కున ఎంత దూరంలో చేపలు దొరకవచ్చో తెలుగులో కూడా ఉచితంగా తెలియజేస్తారు. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది.

చదువు సంగతి కూడా ఒక మాట. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి, కార్యక్రమాలు తెలుగులో వచ్చాయి. పట్నాల్లోనే సరిగా టీవీ లేని రోజులవి. ఇప్పుడు తెలంగాణలో మన వాళ్ళు గ్రూప్స్ పరీక్షలకు చూసే టీ-శాట్ పాఠాలూ ఉపగ్రహం మీదుగా వస్తున్నవే. కోచింగ్ ఫీజు కట్టలేని వాళ్ళకు వాటి విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే చంద్రుడి సంగతేమిటి? అక్కడ తుఫానూ లేదు, చేపా లేదు. నిజమే. చంద్రయాన్-1 సమాచారంలో 2009లో నీటి ఆనవాళ్ళు బయటపడ్డాయి, దానివల్ల మన కుండలోకి నీళ్ళు రాలేదు. తెలుసుకోవడం కోసమే చేసిన ఖర్చు అది. దాన్ని దండగ అనేవాళ్ళకు నాదొక ప్రశ్న. మన హాస్టళ్ళ గురించి కూడా "వీళ్ళకు ఉచితంగా తిండి, బట్టలు, పుస్తకాలు పెడితే ఏం వస్తుంది?" అని అడిగేవాళ్ళు లేరా? నేను బస్సులో విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను. వెంటనే లాభం చూపించని ఖర్చంతా దండగే అంటే ఆ కత్తి ముందు మన మెడ మీదికే వస్తుంది. పైగా మన హాస్టళ్ళు ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వ బడ్జెట్ మీద నడుస్తాయి, రాకెట్లు కేంద్రానివి. ఒక రాకెట్ ఆపినంత మాత్రాన మన పళ్ళెంలోకి గుడ్డు రాదు. మెస్ ఛార్జీలు ధరలతో పాటు పెరగాలని అడగాల్సిందే. అది దాని సొంత కాళ్ళ మీద నిలబడే న్యాయమైన కోరిక. దాన్ని అడగడానికి చంద్రుణ్ణి అడ్డం పెట్టుకోనక్కరలేదు.

శ్రీహరికోట బాకీ

ప్రయోగ కేంద్రానికి 1969లో శ్రీహరికోటను ఎందుకు ఎంచుకున్నారు అన్నది పరీక్షల్లో తరచు అడిగే ప్రశ్న. తూర్పున సముద్రం ఉంది కాబట్టి రాకెట్ విఫలమైనా నీళ్ళలో పడుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 అలాగే బంగాళాఖాతంలో పడింది, మరుసటి ఏడాది జులై 18న విజయవంతమైంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పుకు ఎగిరే రాకెట్‌కు సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే కలిసివస్తుంది. మూడో కారణంగా "జనం పెద్దగా లేని దీవి" అని రాస్తారు.

ఆ "పెద్దగా లేని" జనం యానాదులు. తరతరాలుగా ఆ అడవిలో వేట, చేపలు, తేనె, మూలికల మీద బతికినవాళ్ళు. కేంద్రం వచ్చాక ఊళ్ళూ అడవీ వదలవలసి వచ్చింది. 93 రూపాయల లెక్కలో వాళ్ళు కట్టింది కనిపించదు. దేశం మొత్తానికి అందుతున్న హెచ్చరిక వాళ్ళ నేల మీద నిలబడి ఉంది. వాళ్ళ పిల్లల్లో ఎంతమంది ఆ కేంద్రంలో ఇంజనీర్లయ్యారు అని అడిగే హక్కు మనకుంది. ప్రజాధనం అంటే చప్పట్లు కొట్టే హక్కు ఒక్కటే కాదు కదా.

2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ అనే ప్రైవేటు సంస్థ రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది. అదీ శ్రీహరికోట నుంచే. కొనేవాళ్ళున్న పనులకు ఇలాంటి సంస్థలు ఇంకా వస్తాయి, రానివ్వండి.

చివరగా ఒక ఉపయోగపడే సంగతి. 2019 నుంచి శ్రీహరికోటలో ప్రయోగాలు చూడటానికి సాధారణ ప్రజలకు గ్యాలరీ ఏర్పాటు చేశారు. ప్రయోగానికి ముందు ఇస్రో వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. దగ్గరి రైల్వే స్టేషన్ సూళ్ళూరుపేట. ఈసారి విహారయాత్రకు ఎక్కడికి వెళ్దామని వార్డెన్ గారు అడిగితే ఈ మాట చెప్పండి. చలికాలంలో వెళ్తే దారిలో పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు కూడా కనిపిస్తాయి, బస్సులో కిటికీ పక్క సీటు కోసం ముందే మాట్లాడుకోండి.