ఊరికి పోయేటప్పుడు గోలీలు మరువకు, చెల్లె

మన సూరత్ ఉధ్నాలో సాంచాల మోతకు పక్కింట్లో పిలిచినా వినపడదు. కానీ “ఆమెకు ఆ జబ్బటనే” అన్న మాట మాత్రం సాయంత్రానికల్లా గల్లీ అంతా తిరిగొస్తుంది. ఆ జబ్బు పేరు హెచ్‌ఐవీ. పేరు పెట్టే మాట్లాడుకుందాం. చీరలకు స్టోన్లు అంటించే పని ముందేసుకుని కూర్చున్నా సరే, చెవి ఇటియ్యండి.

హెచ్‌ఐవీ ఒక వైరస్. రోగాలతో కొట్లాడే సీడీ4 కణాలను అది ఏళ్ల తరబడి తగ్గించుకుంటూ పోతుంది. మందు లేకపోతే ఒంట్లో శక్తి పూర్తిగా సన్నగిల్లి టీబీ లాంటివి చొరబడతాయి. ఆ ముదిరిన దశ ఎయిడ్స్. రోజూ గోలీ వేసుకుంటూ డ్యూటీకి పోయే మనిషిని పట్టుకుని ‘ఎయిడ్స్ పేషెంట్’ అనడం తప్పే కాదు, క్రూరం కూడా.

ఇది వచ్చే దారులు కొన్నే: కండోమ్ లేని కలయిక, పరీక్ష చేయని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. వరుస గదులకు ఒకటే నల్లా, ఒకటే బాత్రూమ్ ఉన్నా రాదు. దోమ కుట్టినా రాదు. మన దేశంలో మొదటి కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. అప్పటి నుంచీ ఈ మాట చెప్తూనే ఉన్నారు, అయినా ఇంట్లో హెచ్‌ఐవీ ఉన్నామె గ్లాసు పక్కన పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు!

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇంకోటి. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్లలో సంగతి ముందు భార్యకే తెలుస్తుంది. ముందు తెలిసింది ఆమెకు గనుక, తెచ్చింది కూడా ఆమేనని తేల్చేస్తారు అత్తగారు. ఎవరికి ఎప్పుడు సోకిందో ఆ పరీక్ష చెప్పదమ్మా. భర్తనూ తీసుకెళ్లండి. ఒకసారి నెగెటివ్ వచ్చినా, ఈ మధ్యే భయపడాల్సిన సందర్భం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. కడుపులో బిడ్డ ఉందని భయపడకండి. మందులేవీ లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లీబిడ్డలు సరిగ్గా మందు వాడితే అది 5 శాతం లోపే.

ఊళ్లో వాళ్లేమో “సూరత్ పోయి చెడిపోయిండు” అంటారు. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటిగా ఉండేదని వాళ్లకు గుర్తు చేయాలి. ఊరి నుంచి వచ్చిందా, ఇక్కడి నుంచి పోయిందా అన్న పంచాయితీతో గోలీ లోపలికి పోదు కదా.

2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క గోలీయే. సూరత్ న్యూ సివిల్ హాస్పిటల్‌లో ఈ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లే నడుపుకునే గుజరాత్ రాష్ట్ర నెట్‌వర్క్ కూడా ఈ ఊళ్లోనే పుట్టింది. మానకుండా వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. అలా తగ్గి నిలిచినవాళ్ల నుంచి కలయిక ద్వారా ఎదుటివాళ్లకు సోకదు.

చిక్కంతా మానకుండా వాడటంలోనే, మనలాంటి వలస బతుకులకు మరీ. దసరాకు ఊరికి పోతాం, వారమని పోయి నెలుంటాం. గోలీలు అయిపోతాయి. అక్కడి ఆస్పత్రికి పోతే చుట్టాలెవరైనా చూస్తారని భయం. మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకు లొంగకుండా మొండికేసే ప్రమాదమూ ఉంది. అందుకే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసిన రోజే సెంటర్‌లో చెప్పండి: ఫలానా తారీఖున పోతున్నం, ఇన్ని రోజులుంటం అని. ఎక్కువ రోజులకు గోలీలు అడగండి. పూర్తిగా ఊరికే మకాం మారుస్తుంటే ట్రాన్స్‌ఫర్ రాయించుకోండి. సెంటర్‌లో ఇచ్చిన పుస్తకం బట్టల మూటలో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి.

సంగతి ఎవరికైనా చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోనిదే పరీక్ష చేయకూడదు. ఈ కారణంతో పనిలోంచి తీసేయడం, ఉంటున్న ఇంట్లోంచి గెంటేయడం కూడా కుదరదు. గల్లీలో ఎవరినీ అడగలేకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చుండదు. మీ ఆయన రాత్రి డ్యూటీకి పోయాక చేసుకోవచ్చు.