గర్భసంచి మూతి మీద పుండు అన్నారు... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 36. ఇద్దరు పిల్లలు, కు.ని. ఆపరేషన్ అయింది. ఏడాదిగా తెల్లబట్ట అవుతోంది. ఆసుపత్రికి వెళితే గర్భసంచి మూతి మీద పుండు పడింది, ముందుముందు క్యాన్సర్ కావచ్చు, ఎలాగూ పిల్లలున్నారు కాబట్టి సంచి తీయించేసుకోమన్నారు. చీటీలో ‘సెర్వికల్ ఎరోజన్’ అని రాశారు. మావారికి మెడనొప్పి వస్తే ‘సెర్వికల్ స్పాండిలోసిస్’ అన్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందా? నాకు ఆపరేషన్ తప్పదా?
– ఒక సోదరి, గన్నవరం

జవాబు: ముందు ధైర్యంగా ఉండండమ్మా. మీరు రాసిన దాన్నిబట్టి గర్భసంచి తీయించుకోవాల్సిన కారణమేదీ కనిపించడం లేదు.

మీవారి జబ్బుకూ మీ సమస్యకూ సంబంధం లేదు, పేరు మాత్రమే ఒకటి. లాటిన్‌లో ‘సెర్విక్స్’ అంటే మెడ. మెడ దగ్గరి వెన్నుపూసలు అరిగితే సెర్వికల్ స్పాండిలోసిస్ అంటారు. గర్భసంచి తలకిందులుగా పట్టుకున్న జామకాయలా ఉంటుంది. యోనిలోకి దిగే సన్నటి కొసను దాని మెడగా భావించి అదే పేరు పెట్టారు. మన వాడుకలో అది గర్భసంచి మూతి, పుస్తకాల్లో గర్భాశయ ముఖద్వారం. నెలసరి రక్తం బయటికొచ్చేది అందులోంచే. కాన్పప్పుడు పది సెంటీమీటర్ల దాకా తెరుచుకునేదీ అదే.

ఇక ‘ఎరోజన్’ అంటే పైపొర తినేసినట్టు కావడం. అందుకే పుండు అనేశారు. నిజానికి చాలామందికి అక్కడ పుండేమీ ఉండదు. ముఖద్వారం లోపలి పొర ఎర్రగా, సున్నితంగా ఉంటుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావంతో అది కాస్త బయటి వైపుకి వస్తుంది. వయసులో ఉన్నవారికీ, గర్భిణులకూ, గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ ఇది మామూలే. పరీక్షలో ఆ ఎరుపే పుండులా కనిపిస్తుంది. ఆ పొరలోని గ్రంథులు జిగురు స్రవిస్తాయి కాబట్టి తెల్లబట్ట ఎక్కువ కావచ్చు. లోపలి పొర బయటికి వస్తుంది కాబట్టే దీన్ని ఇప్పుడు ‘ఎక్ట్రోపియన్’ అంటున్నారు, అంటే బయటికి తిరగడం. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా.

దురద, దుర్వాసన ఉంటే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించుకోండి. మందులతో తగ్గుతుంది.

ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ మూలం హెచ్‌పీవీ వైరస్. 30 దాటిన మహిళలు మూడేళ్లకోసారి పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల పరీక్ష) గానీ, ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయించుకోవాలి. వీటికి మత్తు అక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ముందస్తు మార్పులు కనిపించినా సాధారణంగా ఆ భాగానికే చికిత్స చేస్తే చాలు. అయితే కలయిక తర్వాత, నెలసరుల మధ్యలో, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఇక ఆపరేషన్ సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పిల్లలు పుట్టాక సంచితో పనేముందని చాలామంది అనుకుంటారు. కానీ సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

మీకు దగ్గర్లోని చినఅవుటపల్లి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో గైనకాలజిస్టును కలవండి. పాప్ స్మియర్ రిపోర్టు చేతికొచ్చి, రెండో డాక్టర్ అభిప్రాయం తెలిసేదాకా ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.