పికప్‌కి లైట్ బార్: ముందు ఆంప్స్ లెక్క చూడండి

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌తో రాత్రిపూట చెన్నూరు దగ్గర పెన్నా ఇసుకలోకి దిగాలంటే ముందు గుర్తొచ్చేది ఎల్‌ఈడీ లైట్ బార్. ఆర్డర్ పెట్టే ముందు ఒక లెక్క: వాట్స్‌ని వోల్ట్స్‌తో భాగిస్తే ఆంప్స్. 120 వాట్ల బార్, 12 వోల్ట్‌ల బ్యాటరీ, అంటే 10 ఆంప్స్. దీన్ని హెడ్‌లైట్ వైరుకే కలిపేస్తే వైరు వేడెక్కి మంటలు రావచ్చు.

బ్యాటరీ నుంచి విడిగా మందపాటి వైరు లాగండి. బ్యాటరీ పక్కనే 15 ఆంప్స్ ఫ్యూజ్, తర్వాత రిలే. అప్పుడు స్విచ్‌లో పారేది చిన్న కరెంటే. ఫ్యూజ్ కాపాడేది వైరును, బార్‌ను కాదు. మాటిమాటికీ పోతోందని 30 ఆంప్స్‌ది మాత్రం పెట్టొద్దు.

నిజానికి ఇసుకలో బండి కూరుకుపోకుండా ఉండాలంటే టైర్లలో కొంచెం గాలి తగ్గించడమే మేలు, అదీ ఫ్రీగా! తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపి, బార్‌కి కవర్ వేసేయండి. ఎదురొచ్చేవాళ్లకి కళ్లు కనపడాలి కదా.