రంగు ఉండాలి.. విషం పోవాలి: శిలీంధ్ర జన్యుశాస్త్రంలో కెరీర్

చైనాలోని ఫుజియాన్ ప్రాంతంలో బియ్యపు వైన్‌కీ, పులియబెట్టిన టోఫుకీ ఎర్రరంగు తెచ్చేది మొనాస్కస్ అనే బూజు. ఉడికించిన బియ్యంపై పెంచితే మెతుకు మెతుకూ ముదురు ఎరుపెక్కుతుంది. అయితే ఇదే బూజు మూత్రపిండాలకు హాని చేసే సిట్రినిన్‌నూ తయారుచేయగలదని 1995లో తేలింది. ఈ బూజుతో తయారైన ఎర్రబియ్యపు సప్లిమెంట్లలో సిట్రినిన్ పరిమితిని యూరోపియన్ యూనియన్ 2019లో కిలోకు 2000 మైక్రోగ్రాముల నుంచి 100కు తగ్గించింది. రంగు చెడకుండా విషాన్ని ఆపగలిగే నిపుణుల అవసరం ఇక్కడే. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ విద్యార్థులు తప్పక చూడాల్సిన రంగమిది.

అసలు కిటుకు ఎక్కడ?

రంగు, సిట్రినిన్ రెండూ పాలికీటైడ్లే. ముడిసరుకు ఉమ్మడిదే అయినా తయారుచేసే జన్యువులు మాత్రం వేరు. సిట్రినిన్‌కు పీకేఎస్‌సీటీ అనే జన్యువు కీలకం. 2005లో జపాన్ పరిశోధకులు దాన్ని దెబ్బతీయగానే ఆ విషం తయారీ ఆగిపోయింది. దాన్ని నడిపించే నియంత్రక జన్యువు సీటీఎన్‌ఏ. వీటికీ పైన, 2004లో ఆస్పర్‌జిల్లస్‌లో కనుగొన్న ఎల్‌ఏఈఏ లాంటి జన్యువులు అనేక జన్యు సమూహాలను ఒకేసారి అదుపు చేస్తాయి. అలాంటిదాన్ని కదిపితే విషంతో పాటు రంగూ పోవచ్చు. అందుకే ఏ జన్యువును ముట్టుకోవాలో తెలియడమే ఈ రంగంలో అసలైన నైపుణ్యం.

ల్యాబ్‌లో పని ఇలా..

తీసేయాల్సిన జన్యువు స్థానంలో హైగ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును చొప్పిస్తారు. ఆ మందు కలిపిన ప్లేటుపై బతికిన కాలనీలను ఏరి, మార్పు సరైన చోటే జరిగిందో లేదో పీసీఆర్‌తో చూస్తారు. తర్వాత హెచ్‌పీఎల్‌సీలో సిట్రినిన్ పీక్ పోయిందా, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఎరుపు తగ్గకుండా ఉందా అని పరీక్షిస్తారు. ఈ రెండూ సరిచూడకపోతే పని సగమే అయినట్టు.

ఏం చదవాలి?

బీఎస్సీలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ గానీ, బీటెక్‌లో బయోటెక్నాలజీ గానీ చదివినవారికి దారి సులువు. ఎమ్మెస్సీకి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ రాయాలి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) తోడ్పాటుతో నడిచే కోర్సులకు గాట్-బి పరీక్ష ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, డీబీటీ-జేఆర్ఎఫ్ ముఖ్యమైనవి. ఆహార సాంకేతికతపై ఆసక్తి ఉంటే మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ చక్కటి వేదిక.

అవకాశాలు ఎక్కడ?

సహజ రంగులు, ఎంజైములు తయారుచేసే సంస్థలు, ఫెర్మెంటేషన్ ఫార్మా, ఆహార పరీక్షా ల్యాబ్‌లు ఇలాంటి నైపుణ్యాన్నే కోరుకుంటాయి. కొలెస్టరాల్ తగ్గించే లోవాస్టాటిన్‌ను ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ అనే బూజుతోనే తయారుచేస్తారు. మన దగ్గరైతే వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పెద్ద సమస్య. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దీనిపై చాలాకాలంగా పనిచేస్తోంది.

ఇప్పుడే మొదలుపెట్టండి

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఘనస్థితి ఫెర్మెంటేషన్ తీసుకోండి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి కేంద్రాల నుంచి కాలేజీ ద్వారా మొనాస్కస్ కల్చర్ తెప్పించుకోవచ్చు. నత్రజని మూలం, పీహెచ్ మారితే రంగు ఎలా మారుతుందో నమోదు చేయండి. పీసీఆర్, హెచ్‌పీఎల్‌సీలను స్వయంగా నడపడం నేర్చుకోండి. జన్యు సమూహాలను గుర్తించే యాంటీస్మాష్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, రోజూ కాసేపు సాధన చేయండి. ఇంటర్వ్యూలో మీ మార్కుల కంటే మీరు సొంతంగా తీసిన ఫలితాలు, వాటిని వివరించే తీరే మీకు అండగా నిలుస్తాయి.